షెడ్డులో పెట్టిన క్యారవాన్ ట్రైలర్‌లో చెమ్మ, బూజు: కిటికీలు తెరవాలా, మూయాలా?

కావలి_ట్రైలర్
మాది 14 అడుగుల ట్రైలర్. బయట ఫైబర్ షీటు, లోపలంతా ప్లైవుడ్. దసరా సెలవుల్లో అరకు వెళ్ళొచ్చాక కావలి దగ్గర మా మేనమామ వాళ్ళ రేకుల షెడ్డులో పెట్టాం. మళ్ళీ సంక్రాంతి తర్వాతే బయటికి తీసేది. మొన్న ముసురు తెరిపి ఇచ్చిందని వెళ్ళి తలుపు తీస్తే ముక్కిపోయిన వాసన గుప్పున కొట్టింది. పరుపు తిప్పి చూస్తే అడుగున నల్ల చుక్కలు. బట్టల అరలో తెల్లటి బూజు. అర తలుపు బందులకు తుప్పు మొదలైంది. అన్నిటికంటే టెన్షన్ పెట్టింది మంచం వెనక మూల. అక్కడ ప్లైవుడ్ రంగు మారి, గోరుతో నొక్కితే గీత పడుతోంది.

బీరువాల్లో పెట్టే తేమ పీల్చే డబ్బాలు రెండు పెట్టి వచ్చాను. పది రోజులకే రెండూ నిండిపోయాయి. మా మామ కిటికీలు తెరిచి గాలి ఆడనివ్వమంటాడు. బాడీ కట్టినతను అన్నీ బిగించి మూసేయమంటాడు. ఏది నమ్మాలి? ఇంకా డిసెంబర్ మొత్తం ముందుంది.

ఉదయగిరి_కొండగాలి
కిటికీలు తెరువు, పైకప్పు వెంటు (గాలి ఆడే రంధ్రం) తెరువు, అంతే. మూసిపెట్టిన చోటే బూజు పడుతుంది. మా బండికి ఏడాది పొడుగునా రెండు కిటికీలు ఓరగా తెరిచే ఉంటాయి. ఇంతవరకు చుక్క బూజు లేదు.

రొయ్యల_మేత
పై అన్న చెప్పింది ఉదయగిరి మెట్టలో కుదురుతుందేమో, కావలిలో కుదరదు. ఇక్కడ నవంబర్‌లో రాత్రిపూట బయటి గాలిలోనే తేమ 90 శాతం దాకా ఉంటుంది. ఆ గాలిని లోపలికి పిలిచి చెమ్మ తగ్గమంటే ఎట్టా తగ్గుతుంది?

నాది రొయ్యల మేత గోడౌన్. బస్తాలు నేల మీద పెట్టం, చెక్క పలకల మీద పేర్చుతాం. గోడకు జానెడు ఎడం వదులుతాం. ముసురు పట్టిన రోజు షట్టర్ దించే ఉంచుతాం. పనివాళ్ళు ఉక్కపోతకు తాళలేక తెరిచిపెట్టిన రోజు రాత్రి మేత మెత్తబడి ఉండ కట్టడం మొదలవుతుంది. బూజు పట్టిన మేత చెరువులో వేస్తే రొయ్యకే ప్రమాదం, అందుకే ఈ విషయంలో మేము గట్టిగా ఉంటాం.

నెల్లూరు_దోమ
నవంబర్‌లో నెల్లూరు జిల్లాలో కిటికీలు తెరవమన్నది ఎవరు? గాలి సంగతి తర్వాత, ముందు మా వాళ్ళందరూ వచ్చేస్తారు.

ఒంగోలు_ఓల్టు
తెరవాలా మూయాలా అని వాదించుకునే ముందు కొలవండి. తేమ శాతం చూపించే చిన్న డిజిటల్ మీటర్లు ఆన్‌లైన్‌లో ఐదు వందల లోపే దొరుకుతాయి. రెండు కొనండి. ఒకటి లోపల మంచం వెనక, ఒకటి బయట షెడ్డులో నీడన పెట్టండి. ముందు రెండింటినీ పక్కపక్కన ఒక రాత్రి పెట్టి తేడా ఎంతో చూసుకోండి. చవక మీటర్లు ఒకదానికొకటి నాలుగైదు శాతం తేడా చూపిస్తాయి.

కావలి_ట్రైలర్
@ఒంగోలు_ఓల్టు తెప్పించాను అన్నా. నిన్న పొద్దున 7కి లోపల 84, బయట 91. మధ్యాహ్నం 2కి లోపల 80, బయట 66. వేడి రెండు చోట్లా 27 నుంచి 29 డిగ్రీల మధ్య ఉంది.

పాఠాల_మేష్టారు
కావలి తమ్ముడు అంకెలు ఇచ్చాడు కాబట్టి లెక్క వేసి చూపిస్తాను. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

14 అడుగుల పొడవు, ఆరున్నర వెడల్పు, ఆరున్నర ఎత్తు అనుకుంటే లోపల సుమారు 16, 17 ఘనపు మీటర్ల గాలి పడుతుంది. 28 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి మహా అయితే 27 గ్రాముల నీటి ఆవిరి మోయగలదు. 84 శాతం అంటే 23 గ్రాములు. మొత్తం బండిలోని గాలి అంతా కలిపి పట్టుకున్న నీళ్ళు 380 గ్రాములు, అంటే అర లీటరు కూడా కాదు. మరి రెండు డబ్బాలు నిండాయంటే, వాటిలో లీటరుకు తక్కువ పట్టదు కదా, ఆ నీళ్ళు ఎక్కడివి?

మూడు దారులు ఉన్నాయి. సందుల్లోంచి బయటి చెమ్మగాలి వస్తూ ఉండాలి. లేదా ఎక్కడో వాన నీళ్ళు కారుతూ ఉండాలి. లేదా ప్లైవుడ్, పరుపులు తాము తాగిన నీళ్ళు వదులుతూ ఉండాలి. ఈ మూడోదాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. చెక్క చుట్టూ ఉన్న గాలిలో తేమ 84 శాతం ఉంటే చెక్క తన బరువులో 17 శాతం దాకా నీరు పట్టి ఉంచుతుంది. గాలి 55, 60 శాతానికి దిగితే చెక్కలో 10, 11 శాతమే నిలుస్తుంది. బండిలో చెక్క, ప్లైవుడ్ కలిపి 150 కిలోలు ఉందనుకుంటే, ఈ తేడా ఒక్కటే తొమ్మిది లీటర్లు! డబ్బాలతో దాన్ని తోడటం చెంబుతో చెరువు తోడటమే.

బూజుకు కావలసింది నీటి చుక్క కాదు. తేమ 75, 80 శాతం ఉన్న చోట కొన్నాళ్ళు కదలకుండా ఉంటే చాలు, మొలుస్తుంది. 60 లోపు ఉంచగలిగితే అది పెరగదు. మంచం వెనక మూలే ముందు పోవడానికి కారణం, అక్కడ గాలి ఆడదు, పక్కనున్న గోడ రాత్రిపూట చల్లబడుతుంది. మీటరు గది మధ్యలో 75 చూపిస్తుంటే ఆ మూలలో 85 ఉంటుంది.

నెల్లూరు_దోమ
మేష్టారూ, ఇంటర్‌లో మాకు ఫిజిక్స్ మీరు చెప్పి ఉంటే నేను ఈ పేరు పెట్టుకునేవాణ్ణి కాదు.

ఉదయగిరి_కొండగాలి
లెక్క బాగుంది సార్. కానీ నా బండిలో బూజు లేదన్నది కూడా నిజమే కదా?

పాఠాల_మేష్టారు
@ఉదయగిరి_కొండగాలి నిజమే అన్నా, కాదనను. మీరు సముద్రానికి దూరంగా, ఎత్తు మీద ఉన్నారు. మీ దగ్గర మధ్యాహ్నం గాలి ఆరిపోయినంతగా తీరంలో ఆరదు. ఊరు మారితే సలహా మారుతుంది.

ఇంకో సంగతి. చల్లటి దేశాల వాళ్ళు రాసే సలహాలు చదివి మనవాళ్ళు పొరపడుతుంటారు. వాళ్ళకు చలికాలంలో బయటి గాలి పొడిగా ఉంటుంది, కాబట్టి వెంటు తెరిస్తే లోపల ఆరుతుంది. నెల్లూరుకు వానలు ఎక్కువగా ఈశాన్య రుతుపవనాలతో అక్టోబర్ నుంచి డిసెంబర్ మధ్యే పడతాయి. మనం బండి మూలన పెట్టే నెలలే మనకు అన్నిటికంటే తడి నెలలు.

కొండపి_పొగాకు
ఈ తెరవడం, మూయడం గురించి పొగాకు రైతులను అడగండి. కాల్చిన ఆకు పొద్దున మెత్తగా ఉంటుంది, మడిచినా విరగదు. మధ్యాహ్నం అదే ఆకు చేతిలో గలగలమంటుంది. ఒకే షెడ్డు, ఒకే రోజు. గాలిలో తేమ అంత మారుతుంది. మా నాయన మీటరు చూసి ఎరగడు, ఆకు చేత్తో పట్టుకుని చెప్పేవాడు.

కాబట్టి కావలి అన్న అడిగినదానికి నా జవాబు, రెండూ చేయాలి. తెరిపి ఇచ్చి, ఎండ కాసి, పడమర నుంచి గాలి వస్తున్న రోజు 11 నుంచి 3 దాకా అన్నీ తెరవండి. అరల తలుపులు, డ్రాయర్లు కూడా. పొద్దు వాలకముందే అన్నీ మూసేయండి. తూర్పు గాలి, ముసురు ఉంటే అసలు ముట్టుకోవద్దు.

రొయ్యల_మేత
ఇదీ మాట. 👆

పాఠాల_మేష్టారు
కొండపి వారు చెప్పింది అంకెల్లో కూడా సరిపోతుంది. కావలి తమ్ముడి మధ్యాహ్నం రీడింగు చూడండి. లోపల 80, బయట 66, వేడి దాదాపు ఒకటే. అప్పుడు బయటి గాలిలో నీళ్ళు తక్కువ, తెరిస్తే లాభం. పొద్దున 7కి లోపల 84, బయట 91. అప్పుడు తెరిస్తే చెమ్మ కొని తెచ్చుకోవడమే. అయితే ఒక జాగ్రత్త, లోపలికీ బయటికీ వేడిలో తేడా ఎక్కువ ఉంటే శాతాలు మాత్రమే పోల్చకూడదు. అప్పుడు మంచు బిందు ఉష్ణోగ్రత చూడాలి. గాలి ఎంతకు చల్లబడితే అందులోని ఆవిరి నీటి చుక్కలుగా మారుతుందో ఆ డిగ్రీ అన్నమాట. దాన్నే డ్యూ పాయింట్ అంటారు, వాతావరణం చూపించే ఫోన్ యాప్‌లలో చాలావాటిలో కనిపిస్తుంది. బయటి డ్యూ పాయింట్ లోపలిదానికంటే తక్కువ ఉంటేనే తెరవాలి.

ఆటోనగర్_బాడీ
మీరంతా గాలి గురించే మాట్లాడుతున్నారు. నేను పదిహేనేళ్ళుగా బస్సు బాడీలు, ఫుడ్ ట్రక్కులు కడుతున్నా. ప్లైవుడ్‌లో గోరు దిగుతోందని అన్న మొదట్లోనే చెప్పాడు. గాలి చెమ్మతో ప్లై పైన బూజు పడుతుంది గానీ అంత తొందరగా మెత్తబడదు. అది కారుతున్న నీళ్ళ పని. ముందు ఆ చిల్లు పట్టుకోండి, తర్వాత డబ్బాలు, మిషన్లు.

పట్టుకునే పద్ధతి చెప్తా. ఒకరు లోపల టార్చితో కూర్చోవాలి. ఒకరు బయట పైపుతో నీళ్ళు పోయాలి. కింది నుంచి మొదలుపెట్టి పైకి పోవాలి, ఒక్కో జాయింటు దగ్గర ఐదు నిమిషాలు. పై నుంచి మొదలుపెడితే నీళ్ళు అన్ని చోట్లకూ జారి ఎక్కడ కారుతోందో తెలియదు. పైపు ఒత్తిడి ఎక్కువ పెట్టొద్దు, వాన పడ్డట్టు పోయాలి.

ఎక్కువగా దొరికిపోయేవి ఇవి: పైకప్పు వెంటు చుట్టూ ఉన్న ఫ్రేము, ముందు పక్క షీటు అతికిన మూల, వెనక లైట్లకు వైరు పోయిన రంధ్రం. ఇక కిటికీ ఛానల్. దాని అడుగున నీళ్ళు బయటికి పోయే చిన్న చిల్లులు ఉంటాయి, వాటిలో దుమ్ము కూరుకుంటే ఛానల్ నిండి నీళ్ళు లోపలికి పొంగుతాయి. అగ్గిపుల్లతో పొడిచి శుభ్రం చేయండి. దీనికి పైసా ఖర్చు లేదు, కానీ ఎవరూ చేయరు.

ఇంకొకటి. నీళ్ళు మరక కనిపించిన చోటే దూరాయని అనుకోవద్దు. ఫ్రేము పట్టుకుని నాలుగడుగులు నడిచి వచ్చి అక్కడ కారుతుంది.

చీమకుర్తి_రాయి
షెడ్డు లేనివాళ్ళ సంగతేంది? నేను బండి మీద సిల్పాలిన్ పట్టా కప్పి నాలుగు పక్కలా తాడుతో బిగించా. పైన చుక్క నీరు పడటం లేదు, అయినా పట్టా కింద పొద్దున్నే చెమటలు.

ఆటోనగర్_బాడీ
@చీమకుర్తి_రాయి పట్టాను బండికి ఆనించి కట్టొద్దు. బండి పైన పైపులతోనో సర్వీ కర్రలతోనో చిన్న పందిరి వేసి దాని మీద పట్టా వేయండి. మధ్యలో అడుగు ఖాళీ ఉండాలి, పక్కలు గాలికి వదిలేయాలి. బిగించి చుట్టేస్తే నేలలోంచి లేచే ఆవిరి అంతా లోపలే తిరుగుతుంది. పైగా గాలికి పట్టా కొట్టుకుని ఫైబర్ మీద గీతలు పడతాయి.

కొత్తపట్నం_కెరటం
నేల సంగతి బాగా గుర్తు చేశారు. వట్టి మట్టి మీద నిలిపితే వానాకాలం కింది నుంచి ఆవిరి లేస్తూనే ఉంటుంది. మందపాటి పాలిథీన్ షీటు పరిచి దాని మీదికి బండి ఎక్కించండి. సిమెంటు నేల అయినా షీటు పరచడం మంచిదే, సిమెంటు కూడా నేల చెమ్మ పీలుస్తుంది. గడ్డి మీద అసలు వద్దు.

పెన్నగట్టు
నేల గురించి నాదో మాట. పల్లపు పొలంలో, కాలవ పక్కన పెట్టొద్దు. 2021 నవంబర్‌లో పెన్నకు వరద వచ్చి పడుగుపాడు దగ్గర రైలు కట్ట దెబ్బతిన్నప్పుడు మా బావమరిది ట్రాలీ ఇరుసు దాకా నీళ్ళలో ఉంది. చక్రాల బేరింగుల్లో బురద చేరి గ్రీజంతా పోయింది. ట్రైలర్ అయితే నేల చెక్క కూడా పోయేది. షెడ్డు ఉందా లేదా అన్నది రెండో మాట, ముందు మెరక చూసుకోండి.

ట్రంకురోడ్డు_శీను
మా ఇంట్లో అటకమీద కల్లుప్పు మూకుళ్ళలో పోసి పెడతారు. ఇస్కపల్లి ఉప్పు బస్తా తెచ్చి బండిలో నాలుగు బేసిన్లలో పెడితే సరిపోదా? డబ్బాల ఖర్చు ఎందుకు?

పాఠాల_మేష్టారు
@ట్రంకురోడ్డు_శీను శుద్ధమైన ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితేనే నీళ్ళు పీలుస్తుంది. కల్లుప్పులో మెగ్నీషియం లవణాలు కలిసి ఉంటాయి కాబట్టి ఇంకాస్త ముందే చెమరుస్తుంది. కానీ 60 దగ్గరికి దించడం దానివల్ల కాదు. గాలి కాస్త ఆరగానే పీల్చిన నీళ్ళు మళ్ళీ గాలికే వదిలేస్తుంది. పైగా ఉప్పునీళ్ళు ఒలికితే ఇనుముకు తుప్పు.

దుకాణాల్లో అమ్మే డబ్బాల్లో ఉండేది కాల్షియం క్లోరైడ్. అది తేమ 60 కంటే బాగా తక్కువున్నా పీలుస్తుంది, అందుకే పనిచేస్తుంది. అయితే అడుగున చేరే ద్రావణం కూడా లోహాన్ని తింటుంది. డబ్బాను పళ్ళెంలో పెట్టి సింకులోనో స్నానాల గది ట్రేలోనో ఉంచండి. మంచం మీద, వైర్ల దగ్గర వద్దు.

సున్నం కూడా ఎవరో ఒకరు చెప్తారు కాబట్టి ముందే చెప్తున్నా. కాల్చిన పొడి సున్నం నీళ్ళు తగిలితే సలసలా కాగుతుంది. మూసిన బండిలో, పైన చుక్క కారే చోట అది పెట్టొద్దు.

మైపాడు_అక్క
నాకు మైపాడు బీచ్ దగ్గర ఫుడ్ ట్రైలర్ ఉంది. తుఫాన్ల కాలంలో వారాల తరబడి మూసే ఉంటుంది. నేను చేసేవి చెప్తాను.

మూసేముందు నీళ్ళ ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి కుళాయిలన్నీ తెరిచి వదిలేస్తాను. సింకు కింద వంపు పైపులో నిలిచిన నీళ్ళు కూడా తీసేసి గుడ్డ కుక్కుతాను, లేకపోతే అందులోంచి బొద్దింకలు వస్తాయి. ఫ్రిజ్ తుడిచి, తలుపు మూసుకోకుండా సందులో మడత గుడ్డ పెట్టి కడతాను. ఫ్రిజ్ తలుపు మూసి వదిలితే ఆ వాసన పోగొట్టడం ఎవరి తరమూ కాదు. పరుపులు, దిండ్లు ఇంటికి తెచ్చేయడమే మేలు. కుదరకపోతే నిలువుగా నిలబెట్టాలి, గోడకు ఆనకూడదు. అరలు, డ్రాయర్లు అన్నీ తెరిచే ఉండాలి.

పప్పు, బియ్యం, బిస్కెట్లు ఏమీ మిగల్చొద్దు. అట్టపెట్టెలు, పాత పేపర్లు కూడా ఉంచొద్దు, చెమ్మను మొదట తాగేవి అవే. పందికొక్కు ఒకసారి దూరిందంటే వైర్లు కూడా కొరుకుతుంది.

నెల్లూరు_దోమ
@మైపాడు_అక్క అక్కా, చేపల పులుసు వాసన పోవడానికి కూడా ఏదైనా చెప్పు. మా వాడి వ్యాన్‌లో తేమ పోయింది గానీ పులుసు పోలేదు.

మైపాడు_అక్క
పులుసు వాసన పోగొట్టడమెందుకు తమ్ముడూ, ఆకలైతే లోపలికెళ్ళి కూర్చోవచ్చు 😄

కావలి_ట్రైలర్
ఇప్పటికే పట్టిన బూజు ఎట్టా తీయాలి అక్కా? బ్రష్‌తో రుద్దితే పోతుందా?

మైపాడు_అక్క
పొడి బ్రష్‌తో లోపల రుద్దొద్దు. ఆ పొడి అంతా గాలిలో లేచి మళ్ళీ అన్ని చోట్లా వాలుతుంది, ఊపిరికి కూడా మంచిది కాదు. మాస్కు, గ్లవ్స్ వేసుకుని, సబ్బు నీళ్ళలో ముంచి పిండిన గుడ్డతో తుడవాలి. ప్రతి తుడుపుకూ గుడ్డ మడత మార్చాలి. వెంటనే పొడి గుడ్డతో ఒత్తి ఫ్యాను పెట్టాలి. పరుపు కవర్లు విప్పి ఉతికి ఎండలో వేయండి. లోపలి ఫోము దాకా నల్లబడితే దాన్ని ఇక వాడొద్దు, కొత్తది వేయించుకోండి.

ఆటోనగర్_బాడీ
ప్లై మీద బ్లీచింగ్ పోయొద్దు. పైన తెల్లబడుతుంది, లోపల బూజు అట్టాగే ఉంటుంది, పైగా ప్లై ఇంకా తడుస్తుంది. మెత్తబడిన ముక్క కోసి కొత్తది వేయడమే. నీళ్ళకు తట్టుకునే మెరైన్ ప్లై వేయించండి, కోసిన అంచులకు తప్పకుండా ప్రైమర్ కొట్టించండి. నీళ్ళు తాగేది అంచుల్లోంచే.

ఒంగోలు_ఓల్టు
కరెంటు ఉన్న షెడ్డు అయితే డీహ్యూమిడిఫయర్ (గాలిలోంచి తేమ లాగే మిషన్) పెట్టండి. కంప్రెసర్ రకమే కొనండి. చల్లటి దేశాల్లో దానికి ఇబ్బంది గానీ మన 25, 30 డిగ్రీల్లో బ్రహ్మాండంగా లాగుతుంది. అరచేతంత ఉండే, కంప్రెసర్ లేని చవక పెల్టియర్ మిషన్లు రోజుకు గ్లాసుడు నీళ్ళు తీస్తే గొప్ప, బీరువాకు తప్ప పనికిరావు. 250 వాట్ల మిషన్ రోజుకు 8 గంటలు తిరిగితే 2 యూనిట్లు.

కొనేముందు రెండు చూసుకోండి. కరెంటు పోయి వచ్చాక తనంతట తాను మళ్ళీ మొదలవ్వాలి. తొట్టి నిండే దాకా కాకుండా పైపు తగిలించి నీళ్ళు బయటికి వదిలే సౌకర్యం ఉండాలి. పైపును సింకు రంధ్రంలోంచి కిందికి దించండి. చవక ఎక్స్‌టెన్షన్ బోర్డు వాడొద్దు. మూడు పిన్నుల మంచి వైరు, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) ఉన్న లైను నుంచి లాగండి.

మిషన్ తిరుగుతున్నంతసేపు కిటికీలు, వెంట్లు మూసే ఉండాలి. తెరిచిపెట్టి ఆన్ చేస్తే బంగాళాఖాతాన్ని ఆరబెట్టబోయినట్టే.

చీమకుర్తి_రాయి
మిషన్ బదులు ఒక బల్బు వెలిగించి ఉంచితే? మా ఊళ్ళో పాత రేడియోలకు అట్టాగే చేసేవారు.

పాఠాల_మేష్టారు
వేడి పెరిగితే తేమ శాతం దిగుతుంది, అది నిజం. 28 డిగ్రీలు, 85 శాతం ఉన్న గాలిని అలాగే 32 డిగ్రీలకు వేడి చేస్తే 67, 68కి వస్తుంది. కానీ నీళ్ళు ఎక్కడికీ పోలేదు. రాత్రి చల్లబడగానే మళ్ళీ మొదటికే. పైగా ఎవరూ లేని బండిలో పరుపుల పక్కన వేడి బల్బు వెలిగి ఉండటం నాకు ఇష్టం లేదు. చిన్న బీరువాకు అయితే రంగు మారే సిలికా జెల్ నయం. నారింజ నుంచి ఆకుపచ్చకు మారే రకం తీసుకోండి. నీలం రకంలో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, పిల్లలున్న ఇంట్లో అది వద్దు. 120 డిగ్రీల దగ్గర ఓవెన్‌లో రెండు మూడు గంటలు వేడి చేస్తే మళ్ళీ వాడుకోవచ్చు.

ట్రంకురోడ్డు_శీను
అయితే మిషన్ పెట్టి, బండికున్న వెంట్లన్నిటికీ టేపు వేసేస్తే పని అయిపోయినట్టేనా?

కొత్తపట్నం_కెరటం
@ట్రంకురోడ్డు_శీను ఆగు ఆగు. గ్యాస్ సిలిండర్ లోపల ఉంటే కింది వెంటుకు టేపు వేయొద్దు! వంటగ్యాస్ గాలికంటే బరువు. లీకైతే కిందికి దిగి ఆ రంధ్రంలోంచే బయటికి పోవాలి. ముందు సిలిండర్ తీసి వేరే చోట నిలువుగా, గాలి ఆడే చోట పెట్టు, ఆ తర్వాతే టేపు. టేపు వేసిన చోట్లన్నీ రాసి స్టీరింగ్ మీద కాగితం అంటించు. మళ్ళీ బండి తీసి లోపల పడుకునే ముందు అన్నీ విప్పాలి. మూసిన బండిలో పొయ్యి వెలిగిస్తే ప్రాణాలకే ముప్పు.

పెన్నగట్టు
స్టీరింగా? ట్రైలర్‌కు స్టీరింగ్ ఎక్కడిది?

కొత్తపట్నం_కెరటం
తలుపు మీద అంటించు అన్నా 🙏 నాది వ్యాన్, ఆ లెక్కలో రాశాను.

తుఫాను సంగతి కూడా చెప్తా. మిచాంగ్ 2023 డిసెంబర్ 5న బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మాకు వాన నిలువుగా పడలేదు, అడ్డంగా కొట్టింది. మామూలు వానకు చుక్క రాని పక్క వెంటులోంచి నీళ్ళు లోపలికి చిమ్మాయి. హెచ్చరిక రాగానే వెంటు ఉన్న పక్కను గాలికి ఎదురు లేకుండా తిప్పి పెట్టండి, చక్రాలకు అడ్డం వేసి బండిని కట్టేయండి.

కావలి_ట్రైలర్
ఆదివారం ఆటోనగర్ అన్న చెప్పినట్టే నీళ్ళు పోసి చూశాం. మా మామ పైపు పట్టుకున్నాడు, నేను లోపల మంచం కింద టార్చితో పడుకున్నా. కిటికీల దాకా ఏమీ లేదు. పైకప్పు వెంటు దగ్గరికి రాగానే మూడో నిమిషంలో లోపలి ప్యానెల్ అంచున ఒక బొట్టు ఊరింది. అది కింద పడలేదు. అంచు వెంట పాకుతూ వెళ్ళి మంచం వెనక మూలలో దిగింది. అరకు నుంచి వచ్చేటప్పుడు రెండు రోజులు వాన, ఆ నీళ్ళే ఇన్నాళ్ళూ ప్లైలో ఉన్నట్టున్నాయి. షెడ్డు రేకుకు కూడా సరిగ్గా ఆ వెంటు పైనే మేకు చిల్లు ఉంది.

వెంటు విప్పి చూస్తే ఫ్రేము కింద మామూలు సిలికాన్ పూసి వదిలేశారు, ఒక పక్క ఊడి లేచిపోయింది. బండి కట్టిన షాపుకు ఫోన్ చేస్తే వారంటీ అయిపోయిందన్నారు. దాని మీద కొత్తది పూయనా?

ఆటోనగర్_బాడీ
పాత సిలికాన్ మీద ఏదీ అంటదు, మళ్ళీ సిలికాన్ కూడా అంటదు. ప్లాస్టిక్ చాకుతో మొత్తం గీకి తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. ఫ్రేము కింద బ్యూటైల్ టేపు (బంకలా సాగే రబ్బరు టేపు) వేసి స్క్రూలు బిగించండి. స్క్రూలు ఒకేసారి బిగించొద్దు. ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగిస్తూ, టేపు అంచుల్లోంచి ఉబికి వచ్చేదాకా. చుట్టూ పాలీయురెథేన్ సీలెంట్ పూసి స్క్రూ తలలు కూడా కప్పేయండి. చినుకులు పడే రోజు ఈ పని పెట్టుకోవద్దు.

మెత్తబడిన ప్లై కోశాక వెనక ఫ్రేము పూర్తిగా ఆరేదాకా కొత్త ముక్క వేయొద్దు. తడి మీద మూస్తే లోపల పుచ్చిపోతుంది, బయటికి తెలియదు కూడా.

కావలి_ట్రైలర్
అర్థమైంది అన్నా. వెంటు పని అయ్యింది, షెడ్డు రేకు చిల్లుకు కూడా వాషర్ వేసి మూశాం. ఒంగోలు అన్న చెప్పిన రకం మిషన్ స్నేహితుడి దగ్గర తెచ్చి పెట్టాను. మొదటి మూడు రోజులు తొట్టి త్వరత్వరగా నిండింది, తర్వాత నెమ్మదించింది. ఇప్పుడు మంచం వెనక మీటరు 61, బయట 88. ప్లై ముక్క వచ్చే వారం.

పాఠాల_మేష్టారు
మొదట్లో అంత నీళ్ళు రావడం మంచి గుర్తే, చెక్క వదులుతోంది. ఇంకో వారం ఆపకుండా తిప్పండి. ఆ తర్వాత 60 దగ్గర సెట్ చేసి వదిలేస్తే అవసరమైనప్పుడే తిరుగుతుంది. 40కి దించాలని చూడొద్దు, అతిగా ఆరితే జాయింట్లు విడుస్తాయి.

ఉదయగిరి_కొండగాలి
@కావలి_ట్రైలర్ సంతోషం తమ్ముడూ. మా పక్కకు వస్తే బండి మా దగ్గర పెట్టేయ్, మిషన్ లేకుండా కిటికీలు తెరిచే చూపిస్తా.

చీమకుర్తి_రాయి
నిండిన డబ్బాల్లో ఆ నీళ్ళు ఎక్కడ పోయాలి? కొబ్బరి చెట్టు మొదట్లో పోయొచ్చా?

పాఠాల_మేష్టారు
చెట్లకు పోయొద్దు, అది గాఢమైన ఉప్పు ద్రావణం, వేర్లు మాడతాయి. చేతికి గ్లవ్స్ వేసుకుని, మరుగుదొడ్డిలో పోసి రెండు బకెట్ల నీళ్ళు గుమ్మరించండి. డీహ్యూమిడిఫయర్ తొట్టిలో నీళ్ళలో ఉప్పు ఉండదు, వాటిని మొక్కలకు పోసుకోవచ్చు. తాగడానికి, బ్యాటరీలో పోయడానికి మాత్రం వాడొద్దు.